మిస్టిక్ రివర్: నవలలోని డేవ్‌కి సినిమా న్యాయం చేసిందా? (కథ మొత్తం బయటపెట్టేశాం, చూడనివాళ్లు, చదవనివాళ్లు ఇక్కడే ఆగిపోండి)

కాగితంపులి:
డెనిస్ లెహేన్ నవల 2001లో వచ్చింది, క్లింట్ ఈస్ట్‌వుడ్ సినిమా 2003లో. సినిమా ఎప్పుడో చూసేశాను, నవల మాత్రం ఇప్పుడే పూర్తయింది. అది ముగించి మళ్లీ సినిమా పెట్టుకుంటే ఇదివరకు రాని కోపం వచ్చింది.

మర్చిపోయినవాళ్ల కోసం కథ క్లుప్తంగా చెప్తా. 1975, బోస్టన్‌లో ఒక పేటలో జిమ్మీ, షాన్, డేవ్ అని ముగ్గురు పిల్లలు. పోలీసులమని చెప్పి ఇద్దరు మగాళ్లు డేవ్‌ని కారెక్కించుకుని పోతారు. నాలుగు రోజులు నేలమాళిగలో నరకం చూసి వాడు తప్పించుకొస్తాడు. పాతికేళ్ల తర్వాత జిమ్మీ కూతురు కేటీ హత్యకు గురవుతుంది, అదే రాత్రి డేవ్ ఒంటి మీద రక్తంతో ఇంటికొస్తాడు, కేసు చూసే డిటెక్టివ్ షాన్. డేవ్ చంపింది కేటీని కాదు, కారులో ఒక కుర్రాడితో ఉన్న పిల్లల్ని చెరిచేవాణ్ని. అది మనకి తెలిసేది ఎప్పుడు? కూతుర్ని చంపింది డేవే అనుకుని, వాణ్ని చంపడానికి నది ఒడ్డున జిమ్మీ కత్తి పట్టుకుని నిలబడ్డప్పుడు. అంటే చిన్నప్పుడే నలిగిపోయిన మనిషిని సినిమా దాదాపు రెండు గంటలు అనుమానితుడిగా నిలబెట్టింది, సస్పెన్స్ కోసం. మనమూ కూర్చుని వీడే చంపాడేమో అనుకుంటూ చూశాం. నాకిది అన్యాయంగా కనిపిస్తోంది. మీరేమంటారు?

రెండో_షో:
నవల దాచలేదా బ్రో? అది కూడా చాలా దూరం దాస్తుంది. పైగా నవల డేవ్ బుర్రలోకి వెళ్లి, వాడి ఆలోచనలు మనకి వినిపిస్తూ, అసలు విషయం దగ్గరకి వచ్చేసరికి తలుపేస్తుంది. నన్నడిగితే అది ఇంకా పెద్ద మోసం. కెమెరా మొదట్నుంచీ బయటే ఉంది కాబట్టి దానికి తెలియకపోవడం సహజం. రచయితకి అన్నీ తెలుసు, చెప్పడు.

కాగితంపులి:
తలుపేసినా అప్పటికి నేను ఆ గదిలో చాలాసేపు కూర్చున్నాను కదా. వాడి భయం ఏంటో, వాడు తనలో ఉన్న ఆ పిల్లాడితో ఎలా మాట్లాడుకుంటాడో నాకు తెలుసు. అందుకే అనుమానం వచ్చినా జాలి పోలేదు. సినిమాలో జాలి కన్నా అనుమానమే ముందు వస్తుంది.

నీలిసిరా:
నేను కాస్త పెద్దగా రాస్తాను, ఓపిక ఉంటే చదవండి. నవల తెరకెక్కించేటప్పుడు అందరూ పడే ఇబ్బంది పాత్ర లోపలి మాట. నవలలో మొదటి భాగం పేరే తోడేళ్ల నుంచి తప్పించుకున్న పిల్లల మీద ఉంటుంది, పెద్దయ్యాక కూడా డేవ్ తనలో ఆ పిల్లాణ్ని వేరే మనిషిలాగా మోస్తుంటాడు. సినిమాలో దీన్ని వాయిస్ ఓవర్‌లో పెట్టి ఉంటే పావుగంటలో చిరాకొచ్చేది. స్క్రీన్‌ప్లే రాసిన బ్రయాన్ హెల్గెలాండ్ ఏం చేశాడో చూడండి. డేవ్ చీకట్లో కూర్చుని టీవీలో రక్తపిశాచుల సినిమా చూస్తుంటాడు, భార్య సెలెస్ట్ వస్తుంది, వాడు ఆ పిశాచాల గురించి మాట్లాడుతున్నట్టే మాట్లాడుతూ తన గురించి చెప్పేస్తాడు. నవలలో పేజీలకు పేజీలు నడిచిన లోపలి గొడవ ఒక్క సీన్‌లోకి వచ్చింది. అది వినేది సెలెస్ట్ కాబట్టి ఆమె భయం పెరుగుతుంది, ఆ భయమే తన అనుమానం చెప్పడానికి ఆమెని జిమ్మీ దగ్గరకి నడిపిస్తుంది. అంటే లోపలి మాట కథ నడిపే పని కూడా చేసింది. ఎల్.ఎ. కాన్ఫిడెన్షియల్ లాంటి చిక్కుముడి నవలని స్క్రిప్ట్‌గా మార్చి ఆస్కార్ తీసుకున్నవాళ్లలో ఒకడు, ఆ చెయ్యి తెలుస్తుంది.

ఇంకోటి డేవ్‌గా వేసిన టిమ్ రాబిన్స్ శరీరం. ఆరడుగుల అయిదంగుళాల మనిషి. అంత ఎత్తు మనిషి భుజాలు ముందుకి వంచి, ఎదుటివాడి మొహంలోకి చూడకుండా, తన ఇంట్లో తనే చోటు అడుగుతున్నట్టు నడుస్తాడు. నవలలో వాక్యాలు చేసిన పని ఇక్కడ మెడ, భుజాలు చేశాయి. సహాయనటుడిగా ఆస్కార్ ఊరికే రాలేదు.

పక్కసీటు:
షాన్ పెన్‌కి కూడా వచ్చింది కదా, ఉత్తమ నటుడు. కొత్తవాళ్లు కంగారు పడకండి, షాన్ పెన్ వేసింది జిమ్మీ. షాన్ అనే పాత్ర వేసింది కెవిన్ బేకన్. నేను మొదటిసారి ఈ చర్చ చదివినప్పుడు సగం దాకా తికమక పడ్డాను.

మౌనిక_రాస్తుంది:
పిల్లల కౌన్సెలింగ్ పనిలో ఉన్నాను కాబట్టి నా ఇబ్బంది వేరే. ఇలాంటి క్రైమ్ కథల్లో చిన్నప్పుడు వేధింపులకు గురైనవాడు పెద్దయ్యాక రెండే రకాలుగా కనిపిస్తాడు, అయితే హంతకుడు, లేకపోతే శవం. డేవ్ రెండూ. నిజానికి అలా బాధపడ్డ పిల్లల్లో ఎక్కువమంది పెద్దయ్యాక ఎవరి జోలికీ పోరు, ఉద్యోగాలు చేసుకుంటారు, పిల్లల్ని పెంచుకుంటారు, కొన్ని రాత్రులు నిద్రపోరు, అంతే. దాన్ని కథగా రాస్తే ఎవరూ కొనరనుకుంటా.

లెహేన్‌కి ఈ సంగతి తెలియదని నేననను. రచయిత కాకముందు ఆయన వేధింపులకు గురైన పిల్లలతో కౌన్సెలర్‌గా పనిచేశాడు, నవలలో అది కనిపిస్తుంది. డేవ్ తిరిగొచ్చినప్పుడు వీధివాళ్లంతా కలిసి పండగ చేస్తారు గుర్తుందా? అందరూ సంబరపడతారు, ఏం జరిగిందో వాణ్ని కూర్చోబెట్టి అడిగేవాళ్లు ఉండరు. తర్వాత పిల్లలు వాణ్ని వెలివేసినట్టు చూస్తారు. నాకైతే నేలమాళిగ కన్నా ఆ అధ్యాయాలే ఎక్కువ భయం వేశాయి. ఇంకో సంగతి, పీటీఎస్‌డీ (ఘోరమైన అనుభవం తర్వాత మనసుని వదలని జబ్బు) అనే రోగనిర్ధారణ అమెరికన్ మానసిక వైద్యుల పుస్తకంలోకి ఎక్కింది 1980లో. 1975లో ఇంటికొచ్చిన పిల్లాడికి ఏమైందో చెప్పడానికి డాక్టర్ల దగ్గర కూడా సరైన పేరు లేదు. సినిమా ఈ భాగాన్నంతా ఎగరగొట్టేసి, తప్పించుకున్న పిల్లాడి నుంచి నేరుగా పెద్దవాడి మీదకి దూకింది. గాయం ఎలా అయిందో చూపించారు, అది మానకుండా ఎవరెవరు చేశారో చూపించలేదు.

ఎడిట్‌రూమ్:
మౌనిక గారూ, ఆ దూకుడే సినిమాలో గొప్ప ఎడిటింగ్ అని నేనంటాను. మీరు చెప్పిన నష్టం నిజమే, కాదనను. కానీ దాని బదులు ఏం పెట్టారో చూడండి. నవలలో పిల్లలు వీధిలో కొట్టుకుంటుంటే కారు ఆగుతుంది. సినిమాలో పచ్చి సిమెంట్ మీద పేర్లు రాస్తుంటారు. జిమ్మీ, షాన్ పూర్తిగా రాసేస్తారు, డేవ్ సగంలో ఉండగా కారొస్తుంది. వాడి పేరు సగమే మిగులుతుంది. ఆ సగం పేరు గట్టిపడి పాతికేళ్లు అక్కడే ఉంటుంది. వెలివేత గురించి నవల రాసిన అధ్యాయాలన్నీ దీంట్లో ఉన్నాయని చెప్పను గానీ, తెర మీద ఒక్క షాట్‌కి ఇంత బరువు రావడం అరుదు.

కారు లోపల ఇంకో వివరం, ముందు సీట్లో కూర్చున్నవాడి వేలికి సిలువ ఉన్న ఉంగరం. ఎవరూ దాని గురించి మాట్లాడరు. బోస్టన్‌లో చర్చి ఫాదరీలు పిల్లల్ని చెరిచిన సంగతి బోస్టన్ గ్లోబ్ పత్రిక 2002 జనవరి నుంచి వరసగా బయటపెట్టింది. నవల అంతకుముందే వచ్చింది, సినిమా ఆ తర్వాత. 2003లో ఆ ఊళ్లో హాల్లో కూర్చున్నవాళ్లకి ఆ ఉంగరం చాలు. నవల నుంచి సినిమాకి మధ్యలో రెండేళ్లే అయినా ప్రేక్షకుడికి తెలిసిన లోకం మారిపోయింది.

నేలమాళిగలో కూడా చూపించింది ఎంత? తలుపు దగ్గర మనిషి ఆకారం, వద్దని బతిమాలే పిల్లాడు, తర్వాత అడవిలో పరుగు. అంతే. దాడిని చూపించలేదు. ఈ జాగ్రత్త చాలామంది దర్శకులకి ఉండదు, నిజాయితీ అనుకుని అన్నీ చూపించేస్తారు. ఆ పాత్ర వేసేది కూడా ఒక పిల్లాడే అన్న సంగతి వాళ్లకి గుర్తుండదు.

రెండో_షో:
👆 ఇది. సెట్‌లో ఉన్న పిల్లాడికి మొత్తం కథ తెలియాల్సిన అవసరం కూడా లేదు. తలుపు వైపు భయంగా చూడు అంటే చాలు, ఆ తలుపు వెనకాల ఏముందో ప్రేక్షకుడే ఊహించుకుంటాడు.

గోడగడియారం:
కాగితంపులి గారి అసలు ప్రశ్న పక్కకి పోయింది. నేను ఆయన వైపు. సస్పెన్స్ సినిమాల హిచ్‌కాక్ ఫ్రెంచ్ దర్శకుడు ట్రుఫోకి చెప్పిన బల్లకింద బాంబు సంగతి అందరికీ తెలిసిందే, బాంబు ఉందని ప్రేక్షకుడికి ముందే చెప్తే పదిహేను నిమిషాల టెన్షన్, చెప్పకపోతే పదిహేను సెకన్ల ఉలికిపాటు. ఇక్కడ డేవ్ చంపింది ఎవర్నో నలభయ్యో నిమిషంలో మనకి చూపించేసి ఉంటే? అప్పుడు చంపిందెవరు అన్న ప్రశ్న పోయి, వీణ్ని ఎవరైనా నమ్ముతారా అన్న ప్రశ్న వచ్చేది. పోలీసులు అడిగిన ప్రతిసారీ వాడు ఎందుకు అబద్ధం చెప్తున్నాడో మనకి తెలుస్తుంది. నిజం చెప్పాలంటే చిన్నప్పటి సంగతి మొత్తం నోటితో చెప్పాలి, దానికన్నా హంతకుడన్న ముద్రే నయం అనుకున్నాడు వాడు. ఇంత గొప్ప విషాదాన్ని చివరి ట్విస్ట్ కోసం తాకట్టు పెట్టారు.

నీలిసిరా:
బాగా చెప్పారు, కానీ అలా చేస్తే సెలెస్ట్ ఏమవుతుంది? మనకి నిజం తెలిసి, ఆమెకి తెలియకపోతే, జిమ్మీ దగ్గరకి వెళ్లి తన మొగుడి మీద అనుమానం చెప్పేటప్పుడు మనం ఆమెని తిట్టుకుంటూ కూర్చుంటాం. ఇప్పుడున్న సినిమాలో తిట్టుకోలేం, ఎందుకంటే మనకీ అదే అనుమానం ఉంది. ఆమె స్థానంలో ఉంటే నేనూ చెప్పి ఉండేదాన్నేమో. డేవ్ చనిపోయాక నిజం తెలిస్తే సిగ్గుపడేది ఆమె ఒక్కతే కాదు, హాల్లో ఉన్న మనమంతా. పాతికేళ్లు ఆ పేట వాణ్ని ఎలా చూసిందో, రెండు గంటలు మనమూ అలాగే చూశాం. కాగితంపులి గారు అన్యాయం అంటున్నది దాన్నే. నాకు మాత్రం సినిమా ఉన్నదే అందుకోసం అనిపిస్తుంది.

కాగితంపులి:
ఈ వాదన ఒప్పుకుంటాను, సగం. మనకి సిగ్గు తెప్పించడానికి డేవ్‌ని వాడుకున్నారు అన్న బాధ మాత్రం పోదు. వాడి కథ వాడిది కాకుండా పోయింది, మనకి పాఠం అయింది.

పక్కసీటు:
మీ గంభీరమైన చర్చ మధ్యలో నా చిన్న సరదా సమాచారం. కెవిన్ బేకన్ 1996లో స్లీపర్స్‌లో పిల్లల్ని చెరిచే గార్డు. 2003లో ఈ సినిమాలో డిటెక్టివ్. 2004లో ది వుడ్స్‌మన్‌లో అలాంటి నేరానికే శిక్ష అనుభవించి బయటికొచ్చినవాడు. ఒకే నటుడు ఈ విషయాన్ని మూడు వైపుల నుంచి చేశాడు. ఎవరైనా వరసగా చూసి చెప్పండి, నాకు ధైర్యం లేదు.

ఎడిట్‌రూమ్:
స్లీపర్స్‌లో పగ తీర్చుకోవడంలో ప్రేక్షకుడికి ఒక తృప్తి ఉంటుంది. మిస్టిక్ రివర్‌లో ఆ తృప్తి ఇచ్చినట్టే ఇచ్చి లాగేసుకుంటారు. జిమ్మీ పగ తీర్చుకున్నాడు, కానీ తప్పు మనిషి మీద. నది ఒడ్డు సీన్ జరుగుతున్నప్పుడే అటు కేటీ ప్రియుడు బ్రెండన్, ఆమె హత్య గురించి తన తమ్ముణ్ని నిలదీస్తుంటాడు, రెండు చోట్లకీ మార్చి మార్చి కట్ చేస్తారు. అక్కడ నిజం తెలుస్తోంది, ఇక్కడ మనిషి పోతున్నాడు. అది చూశాక పగ కథలన్నీ నాకు చప్పగా అనిపించాయి.

రెండో_షో:
అన్నీ మెచ్చుకుంటున్నారు కాబట్టి ఒక తిట్టు. అదే రాత్రి, అదే పేటలో, రెండు వేర్వేరు హత్యలు! క్రైమ్ నవలలో ఇలాంటివి చెల్లుతాయి, నాలుగొందల పేజీల ప్రయాణంలో మనం సర్దుకుంటాం. సినిమాలో మాత్రం తెలిసిన క్షణంలో కాకతాళీయం అని కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అసలు హంతకులైన పిల్లలిద్దరి (బ్రెండన్ తమ్ముడు, వాడి స్నేహితుడు) మీద పెట్టిన సమయం కూడా బాగా తక్కువ. సంగీతం కూడా ఈస్ట్‌వుడ్ చేసిందే, మంచి ట్యూన్, కానీ నటులు చెప్పేసిన దాన్ని మళ్లీ గట్టిగా చెప్తుంది.

గోడగడియారం:
పేట సంగతి కూడా. నవలలో ఈస్ట్ బకింగ్‌హామ్ లెహేన్ కల్పించిన పేట, అందులో పాయింట్ అని కాస్త మెరుగైన భాగం, ఫ్లాట్స్ అని పేద భాగం. షాన్ పాయింట్ పిల్లాడు, మిగతా ఇద్దరూ ఫ్లాట్స్. కారెక్కింది ఫ్లాట్స్ పిల్లాడు అన్న స్పృహ నవల అంతా ఉంటుంది, డబ్బున్నవాళ్లు వచ్చి పేటని కొనేస్తుంటే పాతవాళ్లకి కలిగే మంట కూడా. సినిమా బోస్టన్‌లోనే తీశారు, వీధులు నిజంగా ఉన్నాయి, మెట్ల మీద కూర్చున్న మనుషులు నిజంగా అక్కడివాళ్లలా ఉన్నారు, కానీ పాయింట్, ఫ్లాట్స్ తేడా తెలియదు.

మౌనిక_రాస్తుంది:
నవలలో ఉండి సినిమాలో దాదాపు కనిపించని ఇంకో విషయం గురించి ఎవరూ ఎత్తట్లేదు, కష్టంగా ఉంటుంది కాబట్టి అనుకుంటా. నవలలో డేవ్‌కి ఉన్న అతి పెద్ద భయం తనని ఎత్తుకెళ్లినవాళ్లలా తను మారిపోతున్నాడేమో అని. తనలో పుట్టే కోరికలు చూసి తనే వణికిపోతాడు. ఆ రాత్రి కారులో ఉన్నవాణ్ని చంపినప్పుడు వాడు చంపుతున్నది ఎవర్ని అన్నది అందుకే అంత సులభం కాదు. సినిమాలో ఇది మసకగా ఉంది, నవల చదవకపోతే పట్టుకోలేం.

రెండో_షో:
మేడమ్, అది తీసేయడమే మంచిదని నా అభిప్రాయం. నవలలో ఆ భయానికి ముందూ వెనకా వంద పేజీలు ఉన్నాయి. రెండుంపావు గంటల సినిమాలో ఒక డైలాగ్‌గా వస్తే, హాల్లో సగం మంది ఓహో వీడూ అలాంటివాడే అని తేల్చేస్తారు. మీరు ముందు చెప్పిన ముద్ర ఇంకా గట్టిగా పడేది.

మౌనిక_రాస్తుంది:
డైలాగ్‌గా వస్తే నిజమే. డైలాగ్ కాకుండా రావచ్చు కదా. వాడు కొడుకుతో ఉన్న సీన్లు ఉన్నాయి, వాణ్ని ఎత్తుకునేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగితే చాలు, రాబిన్స్ లాంటి నటుడు చేయగలడు. కౌన్సెలింగ్‌కి వచ్చే పెద్దవాళ్లు చాలామంది బయటికి చెప్పుకోలేని భయం ఇదే, తను తండ్రిగా ఉండటం ప్రమాదమేమో అని. ఏ తప్పూ చేయనివాళ్లు వీళ్లు. దాన్ని ఒక పెద్ద సినిమా జాగ్రత్తగా చూపించి ఉంటే ఎంతమందికి ఊపిరి పీల్చుకున్నట్టు ఉండేదో. అవకాశం పోయింది అనే నా బాధ.

నీలిసిరా:
దీనికి నా దగ్గర సమాధానం లేదు. కొడుకుతో చెయ్యి ఆగడం అన్నది స్క్రిప్ట్‌లో ఒక్క లైను కూడా పట్టదు.

ఎడిట్‌రూమ్:
నిడివి ఉంటే మారేదా అని ఆలోచిస్తున్నా. గిలియన్ ఫ్లిన్ షార్ప్ ఆబ్జెక్ట్స్ 2006 నవల, 2018లో హెచ్‌బీవో ఎనిమిది ఎపిసోడ్లుగా తీసింది. అక్కడ కథానాయిక కెమిల్ చిన్నప్పటి జ్ఞాపకాలు ఫ్లాష్‌బ్యాక్ అని ప్రకటించుకుని రావు, తలుపు తీస్తుంటే రెప్పపాటులో పిల్ల కనిపించి మాయమవుతుంది. ఒంటి మీద చెక్కుకున్న పదాలు గోడల మీద, బోర్డుల మీద మెరిసి పోతాయి. గుర్తుకు రావడం నిజంగా అలాగే ఉంటుంది, వరస ఉండదు. డేవ్‌కి ఆ ఎడిటింగ్ దొరికి ఉంటే మౌనిక గారు అడిగినవన్నీ పట్టేవి. కానీ ఎనిమిది గంటలు కేటీని ఎవరు చంపారు అన్న ప్రశ్నని లాగితే నీరసం వచ్చేది, గోడగడియారం గారు చెప్పినట్టు డేవ్ రాత్రిని ముందే చెప్పేయాల్సి వచ్చేది. అంటే నిడివి మారితే దాచే పద్ధతి కూడా మారాలి.

గోడగడియారం:
అదే నేను మొదట్నుంచీ మొత్తుకుంటోంది 😀

చివర గురించి కూడా ఎవరైనా అంటారేమో అని చూశాను. జిమ్మీ భార్య ఆనబెత్ వచ్చి, నువ్వు చేసింది కుటుంబం కోసమే, నువ్వు రాజువి అన్నట్టు మాట్లాడే సీన్. లారా లిన్నీ అదరగొట్టింది, కానీ అంతవరకూ పక్కన నిలబడ్డ మనిషి హఠాత్తుగా లేడీ మాక్‌బెత్ (షేక్‌స్పియర్ నాటకంలో మొగుణ్ని హత్యకి ఉసిగొల్పే భార్య) అయిపోతుంది. నవలలో ఆమె ముందునుంచీ మనకి తెలుసు కాబట్టి ఆ మాటలు ఆమె నోట్లోంచే వచ్చినట్టుంటాయి.

కాగితంపులి:
ఆ తర్వాత చివర్లో వచ్చే వీధి ఊరేగింపు సీన్‌కి మాత్రం నేను సినిమాకే ఓటేస్తాను. షాన్ వేలు తుపాకీలా చూపిస్తాడు, జిమ్మీ చేతులు చాపుతాడు. అది బెదిరింపా, ఇద్దరి మధ్య ఒప్పందమా? సెలెస్ట్ ఒక్కతే జనంలో కొడుకు కోసం పరిగెడుతుంటుంది, ఎవరూ దగ్గరకి రారు. డేవ్‌ని వెలివేసినట్టే ఇప్పుడు ఆమెని వెలివేస్తున్నారు. నవల ఆ వెలివేతకి అధ్యాయాలు రాసింది, ఈస్ట్‌వుడ్ దాన్ని తెచ్చి చివర్లో ఆమెకి పెట్టాడు. మౌనిక గారు ఎగరగొట్టేశారు అన్నది ఇక్కడికి వచ్చిందేమో.

మౌనిక_రాస్తుంది:
ఇది నేను చూసుకోలేదు. మంచి పాయింట్. అయినా డేవ్‌కి రావాల్సింది సెలెస్ట్‌కి ఇస్తే లెక్క సరిపోదు.

కొత్తచేరిక:
హెచ్చరిక ఉన్నా మొత్తం చదివేశాను, రెండూ చూడలేదు, చదవలేదు. ఇప్పుడు ఏది ముందు?

పక్కసీటు:
హంతకుడెవరో తెలిసిపోయింది కాబట్టి నీకిప్పుడు గోడగడియారం గారి సినిమా కనిపిస్తుంది. ముందు సినిమా చూసెయ్.

నీలిసిరా:
నేను నవల అంటాను. తెలిసి చదివితే డేవ్ అధ్యాయాలు ఇంకా బాగుంటాయి, ఏ వాక్యంలో రచయిత ఏం దాస్తున్నాడో కనిపిస్తుంది.

రెండో_షో:
నా మాట వినండి. నవలలో 1975 భాగం ఒక్కటే చదివి ఆపండి. తర్వాత సినిమాలో మొదటి పది నిమిషాలు చూసి ఆపండి. కారు వెనక అద్దంలోంచి డేవ్ వెనక్కి చూస్తాడు, అక్కడిదాకా. ఆ రెండింట్లో ఏది మీకు ఎక్కువ గుచ్చుకుంటే దాంతో కొనసాగండి, వచ్చి ఏదో ఇక్కడ చెప్పండి. కాగితంపులి గారితో నాకు ఒక పందెం ఉంది.